మా ఇంట్లో కాపురమున్న ఇంగ్లీషు మాట

మొన్న వేసవి సెలవులకు మా మనవరాలు నెల్లూరు నుంచి వచ్చింది. వచ్చిన మర్నాడే పంచలో చాప పరుచుకుని, కాళ్ళు బారజాపుకుని, ఇంగ్లీషు వ్యాకరణం వల్లె వేయడం మొదలుపెట్టింది. గివప్ అంటే ఒకటి మానుట, రెండు విడుచుట, మూడు లొంగుట, నాలుగు ఆశ వదులుకొనుట అంటూ ఎక్కాలు చదివినట్టు చదువుతోంది. కాసేపటికి విసుగొచ్చి, "అవ్వా, ఒక్క మాటకు ఇన్ని అర్థాలేంది? పరీక్షలో ఏది రాసేది?" అని అడిగింది. నేను జీవితమంతా ఆడపిల్లలకు ఇంగ్లీషు చెప్పి పొట్టపోసుకున్నదాన్ని గనక జవాబు చెప్పాల్సింది నేనే. ముందూ వెనకా ఏముందో చూసి రాయమన్నాను. ఆ పిల్లకు ఆ జవాబు నచ్చలేదు. ఇంతలో ఎవరో ముంజలు తెచ్చారని వినబడేసరికి పుస్తకం చాప మీదే పారేసి పరుగెత్తింది. నేను మాత్రం అక్కడే ఉండిపోయాను. ఆ పిల్లకు అది పుస్తకంలో మాట. నాకు అది ఏడాదికి పైగా మా ఇంట్లో కాపురమున్న మాట. మాతో పాటు గంజి తాగింది, మాతో పాటు ఏడ్చింది. దాన్ని నాలుగు అంకెలేసి పుస్తకంలో నిలబెడితే నాకు కొంచెం కోపం కూడా వచ్చింది.

మాది ఉదయగిరి. మా అవ్వ పుట్టిందీ పెరిగిందీ ఆ కొండ కిందే. అవ్వ అంటే ఇక్కడ మా నాయనను కన్న తల్లి. నా మనవరాలు నన్నూ అవ్వా అనే పిలుస్తుంది కానీ, ఈ కబుర్లలో అవ్వ అంటే ఆవిడే. ఆ బిరుదు నాకు ఎప్పటికీ పూర్తిగా దక్కదు. మా అమ్మ నాకు ఊహ తెలియక ముందే పోయింది. నాయన అవ్వకు ఒక్కడే కొడుకు. మిషను బడిలో చదువుకుని, ఆత్మకూరులో అదే మిషను బడికి ఉపాధ్యాయుడుగా వెళ్ళాడు. నేనూ అవ్వా ఉదయగిరిలోనే ఉండిపోయాము. ధాత సంవత్సరం కరువు వచ్చి ఊళ్ళో బావులు అడుగంటిపోయిన తర్వాత నాయన ఎడ్లబండి కట్టుకుని వచ్చి మమ్మల్ని తీసుకుపోయాడు. అవ్వ సన్నికల్లు, పొడుం డబ్బా, ఉదయగిరి వడ్లవాళ్ళు చెక్కిన కొయ్య గరిటెలు బండిలో పెట్టుకుంది. వెనక్కి తిరిగి కూర్చుని కొండ కనబడినంతసేపూ చూస్తూనే ఉంది. కొండ కనుమరుగయ్యాక ముక్కుపొడుం పట్టించి, "ఇంక చూసిందేముండాది, ముందుకు తిరుగుతాం పద" అని సర్దుకుని కూర్చుంది. అవ్వ దుఃఖాలన్నీ అంతే. కనబడినంతసేపూ చూసేది, తర్వాత ముందుకు తిరిగేది.

ఆత్మకూరులో మా ఇల్లు మిషను దొరల బంగళా వెనక, బోదగడ్డి కప్పిన రెండు గదులు. పొద్దున్నే అవ్వ పేడనీళ్ళు చల్లిన వాసన, అటుపైన అంబలి కాగే వాసన, గాలి ఇటు తిరిగితే బంగళాలో దొరసాని వాడే సబ్బు వాసన. ఈ మూడూ కలిస్తే నాకు తెల్లవారినట్టు. అవ్వ బాప్తిస్మం పుచ్చుకున్నదే గానీ దేవుడితో మాట్లాడే తీరు మార్చుకోలేదు. చేటతో చెరుగుతూ, రాగులు విసురుతూ, పక్కింటావిడతో మాట్లాడినట్టే ఆయనతోనూ మాట్లాడేది. వాన ఎప్పుడు పంపిస్తావని నిలదీసేది. నాయనకు అది కొంచెం నామోషీగా ఉండేది. ఆయన తలపాగా, మెడ దాకా గుండీలు పెట్టిన కోటు, మాట్లాడితే ముందు ఒక దగ్గు. ఇంగ్లీషు అంటే ఆయనకు ఆకలి. బడిలో చెప్పిన ఇంగ్లీషు కాస్తే. నిఘంటువు బంగళాలో ఉండేది, దాన్ని అరువడగడానికి మొహమాటం. అందుకని చెవులతోనే నేర్చుకునేవాడు. దొరా దొరసానీ మాట్లాడుకుంటుంటే స్తంభం పక్కన నిలబడి, పావురాలకు గింజలు చల్లితే కోళ్ళు ఏరుకున్నట్టు, ఆ మాటలు ఏరుకుని ఇంటికి తెచ్చేవాడు.

మేము చుక్క అని పిలుచుకున్న పిల్ల మా ఇంటికి వచ్చింది ఆ రోజుల్లోనే. అనంతసాగరం అవతల ఒక పల్లె నుంచి మొగుడూ పెళ్ళామూ నడిచి వస్తున్నారు. సముద్రం వైపు కాలువ తవ్వుతున్నారు, పనికి పోతే కూలి గింజలు దొరుకుతాయని ఆ దినాల్లో జనం పొద్దస్తమానం తూర్పుకే నడిచేవాళ్ళు. మా దడి పక్కన నీడ చూసి వాళ్ళు కూర్చున్నారు. ఆమె పేరు పెంచలమ్మ. చంకలో ఒక ఆడపిల్ల. పిల్ల అనడానికి కళ్ళు తప్ప ఏమీ లేవు. బతికుంటే బలుసాకు తినవచ్చు అంటారు గానీ, వాళ్ళు ఆ బలుసాకూ నాగజెముడు పళ్ళూ కూడా తిని అయిపోగొట్టి వచ్చినవాళ్ళు. పెంచలమ్మకు పాలు ఎండిపోయాయి. అవ్వ గంజి తెచ్చిచ్చి, ఊరూ పేరూ అడిగి, మనవాళ్ళేనని తెలుసుకుని, చాలాసేపు పిల్ల వంకే చూస్తూ కూర్చుంది. ఆ పిల్లను ఎండలో కాలువ దాకా మోసుకుపోతే దారిలోనే పూడ్చిపెట్టాల్సి వస్తుందని మెత్తగానే చెప్పింది. పెంచలమ్మ మొగుడి మొహం చూసింది. మొగుడు నేల చూశాడు. అప్పుడు ఆమె లేచి వచ్చి పిల్లను అవ్వ ఒడిలో పెట్టింది. "వానలు పడినాక వస్తానవ్వా. అందాకా నీ బిడ్డే" అని ఒక్కమాట అంది. వెనక్కి తిరిగి చూడకుండా పోయింది. ఆమె తిరిగి చూడనందుకు నేను చాలా కాలం కోపం పెట్టుకున్నాను. అవ్వ మాత్రం, చూస్తే పోలేదే అంది.

గివప్ అనే మాట ఆ పిల్ల వెనకాలే మా గడప తొక్కింది. పిల్లకు తాగే ఓపిక కూడా లేదు. గుడ్డ వత్తి పాలలో ముంచి నోట్లో పెడితే పెదవి కదిపేది కాదు. అవ్వ పెట్టి పెట్టి చెయ్యి దించేసిన వేళకు దొరసాని వచ్చింది. ఆవిడ పొడుగాటి, ఎర్రటి, మంచి మనిషి. మా ఇంటి గుమ్మానికి తల కొట్టుకోని రోజు లేదు. అవ్వ భుజం మీద చెయ్యేసి "డోంట్ గివప్" అని చెప్పి, డబ్బాపాలు ఇచ్చి వెళ్ళింది. నాయన ఆ మాట విన్నాడు. గివ్ అంటే ఇవ్వడం, అప్ అంటే పైకి. రెండూ ఆయనకు వచ్చిన మాటలే. కాబట్టి దొరసాని అన్నది పిల్లను పైకెత్తి ఎవరికీ ఇవ్వొద్దని. వైద్యమేదో ఉంటుందిలే అనుకుని అవ్వకు అలాగే చెప్పాడు. అవ్వ ఒక పగలూ ఒక రాత్రీ పిల్లను ఒళ్ళోకి తీసుకోకుండా, ఎత్తకుండా, చాప మీద పడుకోబెట్టే ఆ పాలు పట్టింది. పట్టిన పాలన్నీ పిల్ల చెవుల్లోకి పోయాయి. మర్నాడు దొరసాని వచ్చి ఈ వింత చూసి, సంగతి తెలుసుకుని, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. పిల్లను తీసి అవ్వ ఒళ్ళో తల ఎత్తుగా ఉండేలా పడుకోబెట్టి, వదిలేయొద్దు, ప్రయత్నం మానొద్దు అని తనకు వచ్చిన ముక్కల తెలుగులో చెప్పింది. అవ్వ కూడా నవ్వింది. నాయన నవ్వలేదు. చెవులు ఎర్రగా చేసుకుని బడికి పోయాడు.

ఆ సాయంత్రం నుంచి మా ఇంట్లో ఒక కొత్త పద్ధతి మొదలైంది. నాయన ఇంక ఏ ఇంగ్లీషు మాటనూ విడదీసి ముక్కల అర్థం చెప్పేవాడు కాదు. మాటను ఒంటరిగా పిలిస్తే పలకదు, దాని చుట్టాలతో కలిపి పిలవాలి అనేవాడు. బంగళాలో విన్న మాట ఇంటికి తెచ్చి నాకూ అవ్వకూ చెప్పేటప్పుడు ముందు నాటకం ఆడి చూపించేవాడు. ఎవరన్నారు, ఎవరితో అన్నారు, అంతకు ముందేం జరిగింది. ఇవి చెప్పి, అప్పుడు ఆ మనిషి ఏమనుకుని అని ఉంటాడో మమ్మల్నే అడిగేవాడు. అవ్వకు ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. అయినా అంబలి కలుపుతూ కలుపుతూ సగానికి పైగా సరిగ్గా చెప్పేసేది, మిగతా సగం తప్పులకూ తనే పకపకా నవ్వేది. నేను తర్వాత ఎన్ని బళ్ళలో పాఠం చెప్పినా ఆ పద్ధతి వదల్లేదు. నా శిష్యురాళ్ళకు నేను నేర్పింది ఇంగ్లీషు అనుకుంటారు. నిజానికి అది మా వంటింటి అలవాటు.

రెండోసారి ఆ మాట అన్నది మిషను ఆసుపత్రిలో మందులు కలిపే డ్రెస్సరు. చుక్కకు ఆ పేరు అవ్వ పెట్టినదే. కాస్త కోలుకుంటోందనుకున్న వేళ దానికి విరేచనాలు పట్టుకున్నాయి. డ్రెస్సరు వచ్చి నాడి చూశాడు. చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అవ్వ వంక చూడకుండా, దొరసాని వంక తిరిగి ఇంగ్లీషులో, ఈ పిల్లను నేను గివప్ చేశానన్నాడు. నాయన అక్కడే ఉన్నాడు. ఈసారి ఆయనకు ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. మాట ఎవరితో అన్నాడో, ఎవరి మొహం చూడలేకపోయాడో చాలు. అవ్వ కొడుకు మొహం చూసి, ఏమన్నాడురా అని అడిగింది. నాయన ఏమీ లేదన్నాడు. "ఏమీ లేదని చెప్పేదానికి అంత పొడుగు మాటెందుకురా" అని అవ్వ ఆయన్నుంచి చూపు తీసేసుకుంది. తర్వాత కొయ్య గరిటెతో బార్లీ నీళ్ళు తీసి చుక్క నోట్లో చుక్కచుక్కగా వేస్తూ, దేవుడితో యథాప్రకారం పోట్లాట పెట్టుకుంది. ఎవరు గెలిచారో తెల్లారేసరికి తెలిసింది. చుక్క కళ్ళు తెరిచి నా జడ పట్టుకుని లాగింది.

తర్వాత ఆ మాటకు మా ఇంట్లో చనువు పెరిగిపోయింది. దొరసాని అవ్వను పొడుం గివప్ చేయమంది. అవ్వ నింపాదిగా విని, ముందు ఆ తల్లిని తేనీళ్ళు మానుకోమను, ఆ మర్నాడే నేను పొడుం మానుకుంటానని కొడుకుతో కబురు చెప్పించింది. నాయన ఆ కబురు చెప్పాడో లేదో తెలియదు గానీ ఇద్దరూ ఏదీ మానలేదు. బడిలో దొర కోటల గురించి చెబుతూ పూర్వం రాజులు కోటలు గివప్ చేశారన్నాడట. నాయన ఇంటికొచ్చి, అంటే మన ఉదయగిరి దుర్గం శత్రువులకు అప్పజెప్పినట్టు అని వివరించాడు. అవ్వకు పౌరుషం వచ్చింది. "మన కొండను ఎవురూ ఇయ్యలేదు, తిండి గింజలు అయిపొయ్యి దిగొచ్చినారు. అది ఇచ్చేది ఎట్లైతాది?" అని కొడుకును కసిరింది. ఇంకోసారి, ఇంగ్లీషువాళ్ళు ప్రాణం పోవడాన్ని దెయ్యాన్ని గివప్ చేయడం అంటారని నాయన చెబితే, పోనీలే, వాళ్ళూ దెయ్యాలున్నాయని ఒప్పుకున్నారు అని అవ్వ సంతోషించింది. ఇలా ఎన్ని ఇళ్ళు తిరిగినా ఆ మాట తిరిగి తిరిగి మా వంటింటికే వచ్చేది. చుక్క అడుగులు వేయడం నేర్చింది. అవ్వను అమ్మా అనేది, నన్ను అక్కా అనేది. నాకు చెల్లెలు లేని లోటు ఉండేదని, అది తీరాక గానీ నాకు తెలియలేదు. వానలు పడాలని ఊరంతా ప్రార్థన చేస్తుంటే నేను మాత్రం పెదవులు కదిలించి ఊరుకునేదాన్ని. వాన వస్తే పెంచలమ్మ వస్తుంది. పెంచలమ్మ వస్తే చుక్క పోతుంది. ఆ వయసులో నా లెక్క అంతే.

వానలు పడ్డాయి. చేలు పచ్చబడ్డాయి. తూర్పుకు పోయినవాళ్ళు కొందరు తిరిగి పడమటికి నడవడం మొదలుపెట్టారు. వాళ్ళలో పెంచలమ్మ లేదు. నెలలు గడిచాయి. ఆమె ఇంక రాదేమోనని నాయనా, రాకూడదని నేనూ అనుకుంటూ ఉండగా, ఒక మధ్యాహ్నం అవ్వ చుక్కకు సంకటి తినిపిస్తోంది. దడి అవతల ఒక మనిషి నిలబడి ఉండడం నేను చూశాను. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు. గాజుల్లేని చేతులు, బోసి మెడ. కాలువ దగ్గర వాంతులూ విరేచనాలూ తగిలి మొగుడు పోయాడట. ఆ వెనకే జ్వరాలు పట్టి ఆమె అక్కడే చిక్కుబడిపోయిందట. అవ్వ ఆమెను చూడగానే గుర్తుపట్టింది. లోపలికి రమ్మంటే రాదు. పిలిచి పిలిచి చెయ్యి పట్టి తీసుకొచ్చింది. చుక్క కొత్త మనిషిని చూసి, అవ్వ కొంగులోకి దూరి బిగ్గరగా ఏడ్చింది. పెంచలమ్మ చెయ్యి చాచబోయి వెనక్కి తీసుకుంది.

ఆ సాయంత్రం దొరసాని వచ్చింది, సంగతి విని పెంచలమ్మ చేతులు రెండూ పట్టుకుంది. పోతూ పోతూ వాకిట్లో నాయనతో చిన్న గొంతుతో ఇంగ్లీషులో అంది, ఇప్పుడు మీ అమ్మ ఈ పిల్లను గివప్ చేయక తప్పదు అని. నాయన ఏ నాటకమూ ఆడలేదు. ఇంట్లోకి వచ్చి గోడకానుకుని కూర్చున్నాడు. అంతవరకూ ఆయన ఎన్ని చోట్ల విని ఎన్ని రకాలుగా పట్టుకున్నా, ఆ మాటలోని బరువు ఆ రోజే ఆయన మీద పడిందనుకుంటాను. అసలు చిక్కు అది కాదని మర్నాడు తెలిసింది. తెల్లవారుతూనే పెంచలమ్మ మూట కట్టుకుని వాకిట్లో నిలబడింది. "పిల్లని మీరే పెట్టుకోండవ్వా. అది నన్నెరగదు. నాకాడ ఏముండాది దానికి పెట్టేదానికి? చూడాలనుకున్నా, చూసినా. పొయ్యొస్తా" అంది.  చెల్లెలు నాకు దక్కిందనుకున్నాను. నాయన కూడా ఊపిరి పీల్చుకున్నాడు. ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు, అడుగుతున్నది కన్నతల్లే, పిల్ల ఏడుస్తున్నది అవ్వ కోసమే. అవ్వ సరేనంటే అయిపోయేది.

అవ్వ సరే అనలేదు. ఆమె మూట లాక్కుని చూరులో దోపింది. "దూడ అలవాటు తప్పిందని ఆవును తోలేస్తారా ఎవురన్నా? నాల్గు దినాలుండు, అదే వస్తాది" అంది. అక్కడి నుంచి అవ్వ చేసినది నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. చుక్కకు అన్నం పెట్టే కొయ్య గరిటె పెంచలమ్మ చేతికిచ్చింది. పొద్దున్నే పొడుం డబ్బా తీసుకుని ఇంట్లోంచి వెళ్ళిపోయేది. ఒకరోజు ఒకరి పంచలో, ఇంకోరోజు ఇంకొకరి పంచలో కూర్చుని పొద్దు పోగొట్టేది. చుక్క ఏడ్చి ఏడ్చి అలసిపోయి, ఆకలికి తట్టుకోలేక, చివరకు పెంచలమ్మ దగ్గరికి పోయి నిలబడేది. మొదట గరిటెకు నోరు తెరిచింది. తర్వాత ఒళ్ళో కూర్చుంది. పొద్దుగూకి అవ్వ తిరిగొచ్చాక చుక్క పరుగెత్తుకెళ్ళి కాళ్ళు చుట్టేసేది. అవ్వ వంగేది కాదు. నడుం నొప్పని చెప్పి, పక్కకు తప్పుకుని పోయేది. అవ్వకు నడుం నొప్పి ఏనాడూ లేదు, సన్నికల్లు ఒంటిచేత్తో జరిపేది. ఇరుగుపొరుగు వాళ్ళు అవ్వకూ పెంచలమ్మకూ పడడం లేదని, ముసలామె అలిగి ఇంట్లో ఉండడం లేదని చెప్పుకున్నారు. నేను అవ్వతో మాట్లాడడం మానేశాను. ఒకరోజు బడి నుంచి వస్తూ మా వీధి చివరి ఇంటి పంచలో అవ్వను చూశాను. చేతిలో పొడుం అలాగే ఉంది, ముక్కు దగ్గరికి పోవడం లేదు. మా ఇంట్లోంచి చుక్క ఏడుపు అక్కడికి వినబడుతోంది. అవ్వ ఇంటి వైపు మొహం పెట్టి కూర్చుని ఉంది. నన్ను చూసి, "ఆగింది చూడు, ఆగింది. వాళ్ళమ్మ ఎత్తుకోనుండాదిలే" అంది. ఆ మాటకు నేను అవ్వ ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను. అవ్వ కూడా ఏడ్చింది. మేమిద్దరం ఇంట్లో కాక ఎవరి పంచలోనో కూర్చుని ఏడవడం చూసి ఆ ఇంటావిడకు ఏమనుకోవాలో తెలియక మజ్జిగ తెచ్చిచ్చింది.

వాళ్ళు బయలుదేరే రోజు అవ్వ తెల్లారకముందే లేచింది. పండగకని దాచిన బియ్యం చేటలో పోసింది. బెల్లం, ఎండుకొబ్బరి, తన చీరల్లో చిరగనిది ఒకటి పక్కన పెట్టింది. పెంచలమ్మను పీట మీద కూర్చోమని కొంగు పట్టమంది. అవ్వ ఏం చేయబోతోందో చూసి వాకిట్లో ఆడవాళ్ళు గుసగుసలాడారు. ఒడి నింపడం మా వైపు కూతురికి చేసే మర్యాద. పుట్టింటికి వచ్చి అత్తవారింటికి తిరిగి పోయే ఆడబిడ్డకు, అదీ పసుపు కుంకాలతో ఉన్నదానికి, ఒడిలో బియ్యం పోసి పంపుతారు. మా పక్కింటి సుందరమ్మ సంఘంలో పెద్ద. దేవుణ్ణి నమ్ముకున్నవాళ్ళం ఇట్లాంటివి చేయకూడదంది. ఆ వెంటనే, చేసినా మొగుడు పోయినదానికి చేయకూడదని కూడా అంది. పాత దేవుడి లెక్కనూ కొత్త దేవుడి లెక్కనూ ఆమె ఒక్క ఊపిరిలో ఒప్పజెప్పడం నాయనకు కూడా నవ్వు తెప్పించింది. పెంచలమ్మ సిగ్గుతో లేవబోయింది. అవ్వ ఆమె భుజం పట్టి కూర్చోబెట్టింది. దోసిలితో బియ్యం పోసింది. ఒక పసుపు కొమ్ము కూడా పడింది. నాయన ఆ వేళకు బంగళా వైపు ఏదో చూస్తున్నాడు. బియ్యం మీద అవ్వ చుక్కను ఎత్తి కూర్చోబెట్టింది. చుక్క బియ్యంలో చేతులు పెట్టి ఆడుకుంటోంది.

"బిడ్డ కూర్చోనుండాది చూడు. ఈ ఒడి ఖాళీ అని ఎవురంటారు?" అని అవ్వ సుందరమ్మనే అడిగింది.  సుందరమ్మ ఇంట్లోకి పోయి, తనూ ఒక గుప్పెడు బియ్యం తెచ్చి పోసింది. పెంచలమ్మ తలవంచుకుని ఉంది. ఆమె కన్నీళ్ళు చుక్క నెత్తిన పడుతున్నాయి. అవ్వ ఆమె గడ్డం ఎత్తి, "ఈ ఇల్లు నీ పుట్టిల్లు. పండగకైనా జ్వరానికైనా, ఏమీ లేకపోయినా ఏటికొకతూరి రావాల. రాకపోతే నేనే వస్తా, నా నడుము బాగానే ఉండాది" అంది.

వాళ్ళు పడమటి దారి పట్టి కనుమరుగయ్యేదాకా అవ్వ వాకిట్లోనే నిలబడింది. ఆ సాయంత్రం దొరసాని వచ్చి, చాలా మెత్తగా, మీ అమ్మ పిల్లను గివప్ చేసిందా అని నాయనను అడిగింది. నాయన అలవాటు చొప్పున దగ్గాడు. ఎవరన్నారు, ఎవరితో, ముందేం జరిగింది అన్నీ తెలిసినా ఆయనకు అవునని చెప్పడానికి నోరు రాలేదు, కాదనడానికీ రాలేదు. చివరకు, మా ఇంటి ఆడపడుచు అత్తవారింటికి పోయిందమ్మా అని తెలుగులోనే చెప్పాడు. దొరసాని ఆ తెలుగు ఎంతవరకు పట్టుకుందో నాకు తెలియదు. ఆవిడ అవ్వ పక్కన అరుగు మీద కూర్చుని, చీకటి పడేదాకా లేవలేదు.

ఇప్పటి పిల్లలకు చదువు మా కంటే ఎక్కువే. మా నాయన స్తంభం చాటున నిలబడి పోగేసుకున్నదంతా నా మనవరాలి పుస్తకంలో ఒక్క పేజీలో ఉంది. నాకు అది తప్పనిపించదు, ఆ పేజీ దొరక్క ఆయన పడిన అవస్థ నేను చూశాను. కాకపోతే ఆ రోజుల్లో మాటలు మా ఇంటికి మనుషుల భుజాన వచ్చేవి. వచ్చినవి పోయేవి కావు. ఇప్పుడు ఇళ్ళు పెద్దవయ్యాయి. గుమ్మాలు ఎత్తయ్యాయి, ఎవరి తలా తగలదు. దడి పక్కన నీడకు కూర్చున్నవాళ్ళ ఊరూ పేరూ అడిగే తీరిక నాకే లేకుండా పోయింది, ఇంక పిల్లల్ని అనడం ఎందుకు.

పెంచలమ్మ ఏటేటా వచ్చింది. వచ్చినప్పుడల్లా సజ్జలో ఆరికెలో ఏవో గింజలు మూటగట్టుకుని, చుక్కను వెంటబెట్టుకుని వచ్చేది. అవ్వతో గంటలు గంటలు మాట్లాడేది గానీ, నాయన కనబడితే లేచి నిలబడి, బడిపంతులును పిలిచినట్టు అయ్యోరూ అని పక్కకు తప్పుకునేది. కొన్నేళ్ళకు అవ్వ పోయింది. ఎవరు కబురు చెప్పారో, సమాధి వేళకు ఆమె జుట్టు విరబోసుకుని, దారంతా పరుగెత్తినట్టు రొప్పుతూ వచ్చి, శవప్పెట్టె తల దగ్గర కూలబడింది. సొంత మనుషులు తప్ప అక్కడ ఎవరూ కూర్చోరు. నెల్లూరు నుంచి వచ్చిన కొత్త పాదిరి ఆమెను ఎరగడు. ఈమె ఎవరని నాయనను అడిగాడు.

"మా చెల్లెలు" అన్నాడు నాయన.

పెంచలమ్మ ఏడుపు ఆపి తలెత్తి ఆయన వంక చూసింది. నాయన వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. అప్పుడు ఆమె ఆయన చెయ్యి పట్టుకుని, "అమ్మ పోయింది గదన్నా" అంది.